వ్యవసాయం అల్మారల ఫ్రెంచి నవల

పుస్తకం అచ్చయితుంది. "చౌడు నేల" మల్ల అచ్చయితుంది, ఈసారి ఆఖరి అధ్యాయంతోటి సహా, పూర్తిగ. ఇప్పుడే హైదరాబాదు నుంచి ప్రచురణకర్త ఫోన్ జేసి చెప్పిండు. చాయ గ్లాసు యాడ పెట్టిన్నో మర్చిపోయి ఇల్లంత దేవులాడిన. కిటికీల చల్లారిపోయి ఉంది. తాగకుంటనే కూసోని రాస్తున్న. కొలువొచ్చిన దినం తర్వాత నాకు ఇంత సంబురం మల్ల ఇయ్యాలే.

నా పేరు సుగుణ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు శాఖా గ్రంథాలయాలల్ల పనిచేసి రిటైరైన. మా ఇంట్ల డిగ్రీ సదివినోళ్ళల్ల నేనే మొదటిదాన్ని. మా అమ్మ, నాయిన పల్లికాయ పీకనీకె, మిరపకాయ తెంపనీకె కూలికి పోయేటోళ్ళు. లైబ్రరీల నౌకరి వచ్చిందని చెప్తే మా అమ్మ, "పుస్తకాల కాడ కూసుంటే జీతమిస్తరా? ఎవరన్న ఎత్కపోకుంట కావలి ఉండాల్నా?" అని అడిగింది. ఎత్కపొమ్మని ఇచ్చుడే నా పని అమ్మా అంటే నమ్మలె. పక్కింటోళ్ళకు కావలి నౌకరి అనే చెప్పుకున్నది.

కొత్తగ ఈ కొలువులకు వచ్చిన పిల్లలు "మేడం, మీ అనుభవాలు రాయిండ్రి, మాకు పనికొస్తయి" అంటుంటరు. ప్రమోషన్లు, ఫైళ్ళు, ఆడిట్లు నేను రాయ. అవి ఎట్లైన మీ మెడకు పడ్తయి, అప్పుడు నేర్చుకుంటరు. ఒక్క పుస్తకం ముచ్చట రాస్త. ఫ్రాన్సులనే అందరు మర్చిపోయిన ఒక రచయిత్రి మన పాలమూరు దిక్కు ఎట్ల బతికిందో, ఎవరిని బతికిచ్చిందో, ఎవరిని ఏడిపిచ్చిందో రాస్త. సంతోషంల మొదలువెట్టిన గని రాసుకుంట పోతే ఇది దుఃఖం ముచ్చటే అయితదని నాకు తెలుసు.

అట్ట చూసి నంబరేసుడు

నా మొదటి పోస్టింగు గద్వాల దిక్కు ఒక చిన్న ఊర్ల. పెంకుటింట్ల లైబ్రరీ. పేపరు సదివే బల్ల, కొన్ని ఇనుప అల్మారలు, తిరగని ఫ్యాను. మా పెద్దసారు అప్పటికే రిటైర్మెంటుకు దగ్గర వడ్డడు. మనసున్న మనిషి, నాకు జ్వరమొస్తే వాళ్ళింట్లకెల్లి జావ పంపేటోడు. గని పుస్తకం తెరిచి చూసే అలవాటు ఆయనకు లేకుండె. కట్ట ఇప్పుతడు, అట్ట చూస్తడు, పేరు సదువుతడు, నంబరేస్తడు, అయిపాయె.

"సార్, లోపల జర చూద్దమా?" అంటే, "సుగుణమ్మా, బియ్యం అమ్మేటోడు ప్రతి గింజ కొరికి చూస్తడా?" అనేటోడు.

ఎవరో దానమిచ్చిన ఒక పాత కట్టల "చౌడు నేల" వచ్చింది. అట్ట మీద నెర్రెలువారిన భూమి బొమ్మ. సారు దాన్ని వ్యవసాయం అల్మారల, పల్లి సాగు పుస్తకానికి, ఎరువుల పుస్తకానికి నడుమ పెట్టిండు. మా దిక్కు ఎవరైన గట్లనే పెడ్తరు. కాల్వ నీళ్ళు ఊటెక్కి, మడి మీద తెల్లగ ఉప్పు పేరుకోని, నారు కొసలు మాడిపోయే ఊర్లు మావి. చౌడు అనే మాట వింటే ఎవరికైన ముందు పొలమే యాదికొస్తది. అది ఫ్రెంచి నవల అని, సముద్రం ఒడ్డున ఒక ఊరి కథ అని ఎవరనుకుంటరు?

మందు లేని పుస్తకం

తిరుపతన్నది రాజోలి పక్కన ఊరు. కాల్వ కింద కొద్దిగంత భూమి, అదంత చౌడు దేలింది. వ్యవసాయ ఆఫీసు కాడికి వచ్చి, తాళమేసుంటే, నీడకని మా లైబ్రరీలకు వచ్చిండు. ఏడో తరగతి దాక సదివిండు. నాకంటె పెద్దోడు, అయినా మొదట్ల మేడం అనే పిలిచేటోడు.

"చౌడు గురించి ఏమన్న పుస్తకముందా మేడం?"

"ఉన్నదన్నా, దాని పేరే చౌడు నేల," అని తీసిచ్చిన. ఆయన పేరు మీద మెంబర్‌షిప్ రాసిన.

కొన్ని దినాలకు వచ్చి పుస్తకం బల్ల మీద వెట్టి నిలవడ్డడు. "ఇదేం పుస్తకం మేడం. మందు ఎన్నో పేజీల ఉన్నదో చూద్దమని తిప్పుతున్న, తిప్పుతున్న, ఒక ముసలామె తప్ప ఏం లేదు."

"ముసలామె ఏంది?"

"మాతిలమ్మ అంట. సముద్రం కట్ట తెగి పొలమంత ఉప్పైంది. ఊరోళ్ళంత అమ్ముకోని పోతున్నరు. ఆమె పోతలేదు. కొడుకొచ్చి లొల్లి వెడుతుండు, రా అమ్మా పట్నం పోదమని. ఈమె పార వట్టుకోని ఉప్పు గీకుతనే ఉంది."

"సరే అన్నా, నీకు పనికిరాలె గద. వాపస్ తీసుకుంట."

"వాపస్ ఎవరిస్తమన్నరు? సగమే అయింది. దినాలు దాటినయని ఫైనేస్తరేమో అని చూపియ్యనొచ్చిన. మల్ల రాసియ్యి."

రాసిచ్చిన. పెద్దసారు పేపరు అడ్డం పెట్టుకోని నవ్విండు.

లూసియెన్ బర్దాక్

ఆయన వాపస్ ఇచ్చిన దినమే నేను ఇంటికి తీస్కపోయిన. మాతిలమ్మ అసలు పేరు మాతిల్ద్. రాసినామె పేరు లూసియెన్ బర్దాక్. నేను డిగ్రీల మస్తు నవలలు సదివిన, మార్కుల కోసం కొన్ని, ఇష్టంతోని కొన్ని. గని గిట్ల రాసేటోళ్ళుంటరని నాకు తెల్వదు.

ఈమె ఎవ్వరి బాధకూ పేరు పెట్టదు. మాతిల్ద్ మొగడు సచ్చిపోయిండని యాడ కూడ రాయలె. ఒక అధ్యాయంల ఉంటడు, ఇంకో అధ్యాయంల ఉండడు. మాతిల్ద్ రొట్టె కాల్చి పక్కింటామెను పిలుస్తది, "ఉప్పు ఎక్కువైందేమో చూడు, చెప్పే మనిషి లేడు" అంటది. గంతే. ఆడ నేను పుస్తకం మూసిన. మా నాయిన పోయిన కొత్తల మా అమ్మ చాయల చక్కెర ఎక్కువేసి, ఎవరూ తిట్టక, ఊకె గ్లాసు దిక్కు చూసేది. ఫ్రాన్సుల ఉన్నామెకు మా అమ్మ గ్లాసు ఎట్ల కనవడ్డది అనిపిచ్చింది.

ప్రతి అధ్యాయం ఆ పొద్దు నేల ఏ రంగున్నదో చెప్పి మొదలువెడ్తది. బూడిద రంగు, ఎముక రంగు, తడిసిన కుక్క రంగు. అది చదివి నేల చూస్తే మన నేలకు కూడ అన్ని రంగులున్నయని తెలుస్తది. కొడుకు మాట్లాడినప్పుడు కొడుకుదే నిజమనిపిస్తది. తల్లి మాట్లాడితే తల్లిదే. ఇద్దర్ల ఒకరిని చెడ్డచేస్తే కథ అల్కగ అయితుండె. ఆమె చెయ్యలె.

తప్పులు లేవని చెప్ప. నడుమ ఒక పాదిరి ప్రసంగం వస్తది, అది దాటుడు మహా కష్టం. తిరుపతన్ననైతె "ఆడ నేను దుంకిన మేడం" అన్నడు. నేను దుంకలె గని దుంకినోళ్ళను తప్పుపట్ట.

ఆమె గురించి దొరికింది కొంచెమే. ఉప్పుమడుల ఊర్ల పుట్టింది. పట్నంల రైల్వే పార్సిళ్ళ ఆఫీసుల గుమాస్త పని చేసుకుంట నవలలు రాసింది. ఒకదానికి చిన్న బహుమతి వచ్చింది. తర్వాత ఆడి పట్నపోళ్ళకు పల్లె కథలు పాతవడ్డయి. ఆమె బతికుండంగనే ఆమె పుస్తకాలు దుకాణాలల్ల లేకుంట అయినయి. ముసలోళ్ళ ఆశ్రమంల సచ్చిపోయిందట. పక్క మంచమామెకు కూడ ఈమె రచయిత్రి అని తెల్వదట.

ఆ ముక్కలన్ని నేను ఏండ్ల తరబడి జమ చేసుకున్నవి. అప్పుడైతె ఒక పేరు, ఆ పేరు కింద "తెలుగు: విఠల్" అని చిన్న అక్షరాలు. అంతే.

యాడ పెట్టాలె

తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు నన్ను కోప్పడ్డడు. "నవలను వ్యవసాయంల పెట్టినవేందమ్మా? డిగ్రీ సదివినవా, లేదా?"

"సదివిన సార్. నవలల అల్మార ఎవరూ తెరుస్తలేరు సార్. ఈడ పెడితే తీస్తున్నరు."

"రూల్ ప్రకారం తప్పు."

"రూల్ ప్రకారం తప్పే సార్."

ఆయన రాసుకోని పోయిండు. నేను జరపలె. చౌడుకు మందు కోసం వచ్చినోళ్ళు తీస్కపోయేది. సగం మంది తిట్టుకుంట తెచ్చిచ్చేది. "మోసం పుస్తకం" అన్నోళ్ళున్నరు. "ఆమె జీలుగ చల్లి, పెరిగినంక కలియదున్నితే చౌడు పోవు గద, ఇంత పుస్తకమెందుకు?" అని ఒక పెద్దాయన అడిగిండు. కొందరు మాత్రం ఏం మాట్లాడకుంట ఆఖరి దాక సదివి ఇచ్చేది.

చెల్లెండ్లు, తమ్ముళ్ళు, ఒక మాట చెప్త. మీ లైబ్రరీల ఇప్పుడు కుర్చీలన్ని పరీక్షలకు సదివే పిల్లలతోని నిండుంటయి. మంచిదే, వాళ్ళ బతుకు వాళ్ళకు ముఖ్యం. నవల అడిగేటోళ్ళు లేరని మీరు అనుకుంటరు. అడిగేటోళ్ళు నవల అని అడగరు. వాళ్ళు వేరేదో అడుక్కుంట వస్తరు. ఆ మనిషి ఏ అల్మార కాడికి పోతడో చూసి ఆడ పెట్టాలె. ఇది నాకు ఏ క్లాసుల చెప్పలె.

వనపర్తిల విఠల్ సార్

నాకు వనపర్తికి ట్రాన్స్‌ఫర్ అయినంక విఠల్ అనే పేరు కోసం అడుగుకుంట పోయిన. కాలేజీల ఇంగ్లీషు లెక్చరర్ చేసి రిటైరైన్రని తెలిసింది. కోట వెనక సందుల ఇల్లు. సన్నగ, పొడుగ్గ, బనీను మీద కండువ. నేను పుస్తకం పేరు చెప్తే లోపలికి కూడ రమ్మనలె.

"అది ఎవ్వరు సదవని పుస్తకమమ్మా. నువ్వెందుకొచ్చినవ్?"

వయసులున్నప్పుడు ఇంగ్లీషులకెల్లి తెలుగు చేసి, సొంతంగ అచ్చేసుకున్నరు. మాతిల్ద్ మాటలన్ని మన పాలమూరు మాటల్ల రాసిన్రు. ఒక సభల పెద్ద పెద్దోళ్ళు లేచి, ఫ్రెంచి ముసల్ది "ఏంది బిడ్డా" అంటదా అని నవ్విన్రట. సార్ ఆ దినం ఇంటికొచ్చి కలం మూసిన్రు. మల్ల ఒక్క అక్షరం రాయలె.

"సార్, ఒకాయన ఉన్నడు. మీ పుస్తకం శానాసార్లు సదివిండు. తోలుకొస్త."

"ప్రొఫెసరా?"

"రైతు సార్."

ఒక ఆదివారం తిరుపతన్న వచ్చిండు. సంచిల పచ్చిమిరపకాయలు తెచ్చిండు. "నా చేన్లయి గావు, పక్క చేన్లయి. నా చేన్ల ఉప్పు తప్ప ఏం గాయది," అని ముందే చెప్పిండు. సార్ నవ్విన్రు. ఆ ముఖం మీద నవ్వు నేను చూసుడు అదే మొదలు.

"సారూ, ఈ మాతిలమ్మ నిజంగ ఉండెనా?"

"ఉండెననే అనుకుంట. రాసినామెది అసొంటి ఊరే."

"ఆమె చేసినట్టే చేసిన నేను. వాననీళ్ళు మడుల నిలవెట్టి, ఉప్పు కరిగినంక కాల్వ తీసి వదిలిన. ఒక మూలకు మొలిచింది."

"మొలిచిందా?" సార్ కుర్చీల ముందుకు జరిగిన్రు.

"మూలకే సారూ. గింత. మా అన్నదమ్ములు పూనాకు పోయిన్రు, బిల్డింగు పనికి. వచ్చినప్పుడల్ల ఎక్కిరిస్తరు, ఏమిరా తిరుపతీ, ఉప్పు మంచిగ పండుతుందా అని. నేనంట, మాతిలమ్మ పోయిందా? పోలె. నేనెందుకు పోత?"

సార్ చాయ గ్లాసు నోటి దాక తెచ్చి మల్ల కింద పెట్టిన్రు.

"నువ్వు రాసింది నాకు శానా ధైర్యం సారూ."

"నేను రాయలేదయ్యా. ఆమె రాసింది."

"ఆమె ఫ్రెంచిల రాసుకున్నది. నాతోని మాట్లాడింది నువ్వే గద."

బస్సుకు టైమైతుందని తిరుపతన్న లేచిండు. గుమ్మం కాడ సార్‌కు దండం పెట్టిండు. సార్ ఆ రెండు చేతులు పట్టుకోని జరసేపు ఇడవలె. ముప్పై ఏండ్లకు దొరికిన సదువరి అని సంతోషపడుతున్నరని నేను అనుకున్న.

కొల్లాపూర్ అవతలి ఊరు

తిరుపతన్న బస్సుకు పోయినంక సార్ తలుపు దగ్గరకేసిన్రు. అల్మారలకెల్లి ఇంగ్లీషు పుస్తకం తీసి, ఆఖరి పేజీల కాడ తెరిచి నా ముందట పెట్టిన్రు.

"ఆమె ఊరిడిచి పోయిందమ్మా సుగుణా. మాతిల్ద్ పోయింది. ఆఖరి అధ్యాయం ఇది. నేను తెలుగు చెయ్యలే."

నాకు ముందు సమజ్ కాలె. తెలుగుల మాతిల్ద్ వాన వెలిసినంక గడప మీద కూసోని, నేల తెల్లవడ్తదా, నల్లగుంటదా అని చూసుకుంట ఉంటది. ఆడికి అయిపోతది. దానెనక ఇంకో అధ్యాయం ఉన్నదని నాకెట్ల తెలుస్తది?

"ఎందుకిడిచిన్రు సార్?"

సార్‌ది కొల్లాపూర్ అవతల కృష్ణ ఒడ్డు ఊరు. డ్యాం నీళ్ళల్ల మునిగింది. ఇండ్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు వాళ్ళమ్మ రానని గుంజ పట్టుకున్నదట. సారే వేళ్ళు ఒక్కొక్కటి ఇప్పి, ఎత్తుకోని ట్రాక్టరు ఎక్కిచ్చిన్రట. ఆమె వనపర్తికి వచ్చినంక ఎక్కువ దినాలు బతకలె. ఈ అనువాదం అప్పుడే నడుస్తుండె.

"మా అమ్మను ఎక్కిచ్చిన చేతులు సుగుణా. మల్ల ఈమెను కూడ నేనే బండెక్కియ్యాల్నా? కలం సాగలే. ఈమెనన్న ఉండనిద్దమనుకున్న. ఎవడు సదువుతడు లే అనుకున్న."

"సార్, పుస్తకం ఆమెది. కోసే హక్కు మీకు లేదు," అన్న. పెద్ద మనిషితోని గట్ల మాట్లాడినందుకు నాలిక కరుచుకోలె, ఇప్పటికి కూడ అదే అంట. అనువాదం చేసేటోడు రచయిత కన్న దయగలోడు కావొద్దు.

"నిజమే," అన్నరు సార్. "మరి పొయ్యి తిరుపతికి చెప్తవా?"

చెప్పలె. ఆయన మూలల గింత మొలక ఉన్నది. అది ఉన్నన్ని దినాలు ఉండనియ్యి అన్నరు సార్. నేను సరే అన్న.

గద్వాల బస్టాండు

నౌకరి ఆఖరికి నేను నాగర్‌కర్నూల్‌కు వచ్చిన. సార్‌కు చెయ్యి వణుకు మొదలై, వాళ్ళ బిడ్డ రమ సార్‌ను నాగర్‌కర్నూల్‌కే తెచ్చుకున్నది. తిరుపతన్న అప్పుడప్పుడు ఫోన్ జేసేది. మేడం పోయి చెల్లె అయింది. "చెల్లె, జిప్సం చల్లిన." "చెల్లె, ఈసారి మూల కూడ పోయింది, చూద్దం మల్ల వానకు." ఎప్పుడు చేసినా ఆఖరికి ఒక మాట, "మాతిలమ్మ ఉన్నది గద, నేనుంట."

నేను రిటైరైనంక ఒకనాడు ఆయన భార్య లక్ష్మమ్మ ఫోన్ జేసింది. గద్వాల బస్టాండుల కలువుమన్నది. పోయిన. బియ్యం మూట, బిందె, చాప కట్టుకోని హైదరాబాదు బస్సు కోసం కూసోని ఉంది. తిరుపతన్న ముందే పోయిండు, ఒక అపార్టుమెంటుల వాచ్‌మన్ పని. భూమి కౌలుకు కూడ ఎవరూ పట్టలేదట, ఊకెనే ఇడిచిపెట్టి పోయిన్రు.

లక్ష్మమ్మ కొంగుల చుట్టిన "చౌడు నేల", ఎప్పుడో సార్ ఆయనకిచ్చిన ప్రతి, తీసి నా ఒళ్ళ వెట్టింది. "ఇది నీకు ఇచ్చెయ్యమన్నడు అక్కా. దాని మొఖం సూడలేనన్నడు."

"దేని మొఖం?"

"ఆ ముసల్దానిది. అది ఉన్నదంట, ఈయన ఉండలేకపోయిండంట. పోయేనాడు అన్నం తినలే." బస్సు వచ్చే దిక్కు చూసుకుంట అన్నది, "ఏమనుకోకు అక్కా. ఈ పుస్తకం లేకుంటే మేం ఎప్పుడో పోదుము. అన్నదమ్ములతోని పోయుంటే ఆయన నడుము ఇంత వంగకపోవు. నువ్వు మంచి మనసుతోనే ఇచ్చినవ్. నేనేమంటలే."

ఆమె ఏమనకపోవుడే నాకు ఎక్కువ తాకింది. పుస్తకాలు మనుషులను బాగుచేస్తయి అని మనం గోడల మీద రాపిస్తం. చెయ్యొచ్చు. ఇంకేమన్న కూడ చెయ్యొచ్చు. ఈ కొలువుల ఉన్నోళ్ళు ఆ రెండోది కూడ మనసుల పెట్టుకోవాలె.

మూట ఎత్తి బస్సుల పెట్టిచ్చిన. ఆమె కిటికీల నుంచి చెయ్యి ఊపింది.

ఆఖరి అధ్యాయం

గద్వాల నుంచి తిన్నగ సార్ దగ్గరికే పోయిన. అంత చెప్పిన. సార్ అంత ఇని, "రమా, ఇంగ్లీషు పుస్తకం తియ్యమ్మా" అన్నరు.

పొద్దుగాల పొద్దుగాల నేను పోయేది. సార్ చెయ్యి వణుకుతది, రాయలేరు. ఇంగ్లీషు వాక్యం కండ్లతోని సదువుకోని, కండ్లు మూసుకోని, వాళ్ళమ్మ మాట్లాడినట్టు పైకి చెప్తరు. నేను రాసి సదివి వినిపిస్త. "అది సదువుకున్నోళ్ళ మాట సుగుణా, నీ మాట. మా అమ్మ గట్లనది. కొట్టెయ్యి," అని కసురుకుంటరు. ఒక్కో దినం నాలుగు వాక్యాలు కూడ సాగకపోయేది. మాతిల్ద్ బండెక్కే పేజీ కాడికి వచ్చినప్పుడు సార్ రెండు దినాలు నన్ను రావొద్దన్నరు. మూడో దినం సారే ఫోన్ జేపిచ్చిన్రు.

ఆ అధ్యాయం గిట్లుంటది. మాతిల్ద్ ఒక మామూలు పొద్దున బండెక్కుతది. ఎవ్వరు సాగనంపరు. ఊరి పొలిమేర రాయి కాడ బండి ఆపమంటది. దిగుతది. బండాయన, ఇగ ఈమె వెనక్కి పోతదనుకుంటడు. ఆమె రాయి మీద కూసోని, చెప్పులకు పట్టిన ఉప్పుమన్ను పుల్లతోని గీకుతది. కోడలు ఇల్లు తుడుచుకోని ఉంటది, ఈ మన్ను ఆడికెందుకు అని బండాయనతోని అంటది. మల్ల ఎక్కుతది. పట్నంల పొద్దుమీకి కోడలు పెట్టిన చారు ఒక గుక్క తాగి, "ఇది కొన్న ఉప్పు" అంటది. కోడలు, ఎక్కువైందా అత్తా అని అడుగుతది. లేదు బిడ్డా, సరిపోయింది అంటది. ఆడికి నవల అయిపోతది.

పోయినందుకు ఆమెను ఆ పుస్తకంల ఎవ్వరు తక్కువ జెయ్యలె. రాసినామె కూడ చెయ్యలె. నేను ఇన్నేండ్లు గొప్పది అనుకున్న పుస్తకం ఈ అధ్యాయం లేకుంట సగమే గొప్పదని అప్పుడు తెలిసింది. ఉండుడు ఎంత కష్టమో మొత్తం పుస్తకం చెప్పింది. పోవుడు అంతకంటె అల్క కాదని ఈ కొన్ని పేజీలు చెప్తయి.

"ఇది తిరుపతికి ఇప్పుడే చెప్దమా సార్?" అని అడిగిన.

"నోటితోని చెప్తే ఓదార్చనీకె అల్లి చెప్తున్నరనుకుంటడు. ఫోన్‌ల అసలే నమ్మడు. అచ్చుల ఉండాలె. ఆయన పుస్తకాన్నే నమ్మిండు గద. నేనే తీస్కపోయి చేతిల పెట్టి చెప్త," అన్నరు సార్.

వానకాలంల సార్ పోయిన్రు. ఆఖరి వాక్యం అయిపోయినంక పెద్దగ దినాలు లేకుండె. దవాఖానల కూడ రమను అడిగిన్రట, ప్రచురణకర్త దగ్గర నుంచి ఏమన్న తెలిసిందా అని. తెలియలె. హక్కుల కోసం ప్రచురణకర్త ఫ్రాన్సుకు రాసిన జాబుకు అప్పటికి జవాబు రాకుండె. మొన్న వచ్చింది. లూసియెన్ బర్దాక్ మేనకోడలట, ఆమె కూడ ముసల్దే. వేసుకోండ్రి, నాకు ఏమొద్దు అని రాసి, మా అత్త పుస్తకం ఇంక ఎవరన్న సదువుతున్నరా అని అడిగింది. ఆ ముక్క ప్రచురణకర్త ఇయ్యాల ఫోన్‌ల సదివి వినిపిస్తే, ఇంకోసారి సదవమని అడిగిన.

ఇంక ఫోన్ చెయ్యాల్సినోళ్ళు

రమ. ముందు ఆమెకే చెయ్యాలె. స్కూల్ల పాఠం చెప్తుంటది, ఇంటర్వెల్ దాక ఆగుత. సార్ పేరు ఈసారి అట్ట మీద, పెద్దగ వేస్తున్నరని చెప్పాలె.

మా పెద్దసారు. గద్వాలల ఉంటడు, చెవులు సరిగ వినవడవు, అరిచి చెప్పాలె. అది నవల అని చెప్తే ఇప్పటికి కూడ ఒప్పుకోడు.

మా చెల్లె కూతురు. ఇంగ్లీషుల జాబు రాయిపియ్యాలె ఫ్రాన్సుల ఉన్నామెకు. సదువుతున్నరమ్మా, రాజోలి దిక్కు సదివిన్రు అని.

లక్ష్మమ్మ. ఆమెకు ఏం చెప్పాల్నో ఇంక తెల్వదు. ఫోన్ అయితె చేస్త.

తిరుపతన్న. పట్నం పోయిన దినం నుంచి నా ఫోన్ ఎత్తుతలేడు. వాళ్ళ అపార్టుమెంటు గేటు కాడ ఒక ఫోనుందట, మధ్యాహ్నం ఆయనే ఎత్తుతడని తెలిసింది. సార్ ఉంటే చేతిల పుస్తకం పెట్టి చెప్తుండె. అచ్చయి వచ్చేదాక నేను ఆగలేను. పుస్తకం వస్తుందని మొదట చెప్ప, సార్ పోయిన్రని మొదట చెప్ప. ఎవరు అని అడగంగనే, అన్నా, మాతిలమ్మ కూడ ఊరిడిచి పోయింది, అని చెప్త.